గ్రే సమ్మిట్‌కు అయిదు రోజులు: రెండు కుక్కలు, ఒక తూగుడు పలక

మొదటి రోజు, గురువారం: ఫ్రిస్కో నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్

తెల్లవారుజామున అయిదున్నరకు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి ముందు వ్యాన్ వెనక తలుపు ఎత్తి, కుక్కలు కూర్చునే రెండు క్రేట్లను, అంటే బోన్లను, పక్కపక్కన పెట్టి, బండి కుదుపులకు కదలకుండా పట్టీలు బిగించాను. ఒకదానిలో మా బంటి, ఏడేళ్ల షెట్లాండ్ షీప్‌డాగ్, భుజం దగ్గర పదమూడున్నర అంగుళాల ఎత్తు ఉంటాడు. రెండోదానిలో నా శిష్యురాలి కుక్క తేనె. తేనెది ఏ విదేశీ జాతీ కాదు. 2019లో హైదరాబాద్ అల్వాల్‌లో వాళ్ల అమ్మమ్మగారి వీధిలో దొరికిన దేశవాళీ పిల్ల, కావలసిన టీకాలూ కాగితాలూ పూర్తి చేసుకుని విమానమెక్కి వచ్చింది. శిష్యురాలికి పదిహేనేళ్లు, నన్ను ఆంటీ అంటుంది. తోడుగా వచ్చిన వాళ్లమ్మ నన్ను అక్కా అని పిలుస్తుంది, పులిహోర, పెరుగన్నం, రెండు కుక్కలకూ ఉడికించి చిన్న ముక్కలుగా తరిగిన కోడి మాంసం డబ్బాల్లో సర్ది తెచ్చింది.

మేము వెళుతున్నది మిస్సోరీ రాష్ట్రంలోని గ్రే సమ్మిట్ అనే చిన్న ఊరికి. సెయింట్ లూయిస్ నగరానికి నైరుతిగా ఉన్న ఆ ఊళ్లో ప్యూరినా ఫార్మ్స్ ప్రాంగణం ఉంది. అక్కడి పెద్ద హాలులో ఒక స్థానిక క్లబ్బు శని, ఆదివారాల్లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ నిబంధనల ప్రకారం ఎజిలిటీ పోటీ నిర్వహిస్తోంది. ఎజిలిటీ అంటే తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. జడ్జి వరుస నంబర్లతో పరిచిన జంపులు, టన్నెళ్లు, ఎక్కి దిగే పలకలు, సందుల్లోంచి మెలికలు తిరుగుతూ పోవలసిన కర్రలు, వీటన్నిటినీ కుక్క తప్పు లేకుండా, ఇచ్చిన సమయంలో పూర్తి చేయాలి. పక్కనే పరుగెత్తే మనిషి కుక్కను ముట్టుకోకూడదు, చేతిలో తిండి గానీ బొమ్మ గానీ ఉండకూడదు. మనిషికి మిగిలేవి గొంతు, చేయి, భుజం, పాదం మాత్రమే. వీటిలో కుక్క అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది పాదాన్ని, అన్నిటికంటే తక్కువగా నమ్మేది గొంతును అని ఎనిమిదేళ్లుగా ఈ ఆట నేర్పుతున్న నాకు స్పష్టంగా తెలిసిన విషయం.

అయినా గొంతు అవసరమే, ఆ విషయంలో తేనె మా తరగతికి ఒక పాఠం నేర్పింది. ఆ ఇంట్లో కుక్కతో తెలుగే మాట్లాడతారు కాబట్టి సంకేతాలు కూడా తెలుగులోనే ఉండాలని అమ్మాయి పట్టుబట్టింది. జంపుకు "దూకు", టన్నెలుకు "దూరు" అని పెట్టుకుంది. నెల తిరిగేసరికి తేనె జంపు ముందు తటపటాయించడం, టన్నెలు మొహం దాకా వచ్చి ఆగి వెనక్కి చూడడం మొదలుపెట్టింది. పరుగులో ఉన్న కుక్కకు మాట మొదటి సగమే అందుతుంది. రెండు మాటలూ ఒకే శబ్దంతో మొదలైతే అది ఏం తేల్చుకోగలదు? తప్పు కుక్కది కాదని తెలిశాక అమ్మాయి ఒక రాత్రంతా ఆలోచించి టన్నెలు సంకేతాన్ని "రైలు"గా మార్చింది. ఆ మాట వినబడితే చాలు, తేనె ఇప్పుడు సొరంగంలోకి రైలు దూసుకుపోయినట్టే పోతుంది.

డెనిసన్ దాటాక ఎర్రనది వంతెన మీద సూర్యోదయమైంది. నీళ్లు పేరుకు తగ్గట్టే ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పటి రంగు గుర్తొచ్చింది. అవతలి ఒడ్డు ఓక్లహోమా. డ్యూరంట్, అటోకా, మెకాలిస్టర్ మీదుగా 69వ నంబరు రహదారి పట్టి, రెండు గంటలకొకసారి ఆగి కుక్కలను నడిపిస్తూ సాగాం. పోటీకి తీసుకువెళ్లే కుక్కను గంటల తరబడి క్రేటులో ఉంచి, దించగానే పరుగెత్తించకూడదు, కండరాలు బిగుసుకుపోతాయి. యూఫాలా సరస్సు దగ్గర పావుగంట నడక, పచ్చికలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, ముందు కాళ్లు ఒక దిమ్మె మీద పెట్టించి వీపు సాగదీయించడం, ఇవన్నీ అమ్మాయి చేతనే చేయించాను. బిగ్ క్యాబిన్ దగ్గర విల్ రోజర్స్ టర్న్‌పైక్ ఎక్కాం. వినీటా దగ్గర రహదారికి అడ్డంగా వంతెనలా కట్టిన భవనం కింద నుంచి దూసుకుపోతుంటే తేనె క్రేటులో లేచి నిలబడి పైకి చూసింది.

దారిలో అమ్మాయి ఈ ఆట ఎక్కడ పుట్టిందని అడిగింది. 1978లో లండన్ ఒలింపియా హాలులో జరిగిన క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలో పుట్టిందని చెప్పాను. ప్రధాన పోటీల మధ్య ఖాళీ సమయంలో ప్రేక్షకులకు ఏదైనా చూపించాలని నిర్వాహక సంఘ సభ్యుడు జాన్ వార్లీ అనుకున్నారు. గుర్రాలు అడ్డంకులు దూకే పోటీలను మనసులో పెట్టుకుని, శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయంతో కుక్కల కోసం అలాంటి వరుసను తయారుచేయించారు. కాలక్షేపానికి పెట్టిన ఆ కాసేపటి ప్రదర్శన జనానికి ఎంతగా నచ్చిందంటే, 1980లోనే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని పోటీగా గుర్తించింది. అమెరికాలో 1986లో ఒక ప్రత్యేక సంఘం ఏర్పడింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994లో పోటీలు ప్రారంభించింది. కానీ తేనె లాంటి కుక్కకు ఆ తలుపు తెరుచుకున్నది 2010లో, జాతి కాగితాలు లేని కుక్కలను కూడా పోటీకి అనుమతించినప్పుడు. అల్వాల్ వీధి నుంచి వచ్చిన కుక్క ఛాంపియన్ల సంతానంతో ఒకే బరిలో, ఒకే గడియారానికి పరుగెత్తడం నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

సుమారు 400 మైళ్లు వచ్చాక సాయంత్రానికి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో దిగాం. మా గదులకు ఎదురుగా ఐస్ యంత్రం ఉంది. దానిలోంచి ఐసు గడ్డలు దబదబా పడిన ప్రతిసారీ తేనె మంచం కింద దూరింది. మూడోసారి అమ్మాయి కూడా మంచం కింద దూరి దాని పక్కన పడుకుంది. ఈ కుక్కకు పెద్ద శబ్దమంటే భయం. అల్వాల్‌లో దానికి మూడు నెలలు నిండకముందే దీపావళి వచ్చిందనీ, ఎవరో దాని పక్కనే లక్ష్మీబాంబు పేల్చారనీ అమ్మమ్మగారు చెప్పారట. ఈ ప్రయాణంలో నా బెంగ అంతా ఆ భయం గురించే.

రెండో రోజు, శుక్రవారం: స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి గ్రే సమ్మిట్

బెంగ ఎందుకో చెప్పాలంటే టీటర్ గురించి చెప్పాలి. చిన్నప్పుడు మనం ఇద్దరం చెరో కొసన కూర్చుని ఊగిన తూగుడు పలకే అది. పొడవు 12 అడుగులు, మధ్యలో ఇరుసు. కుక్క నేలకు ఆనిన కొస నుంచి ఎక్కి, ఇరుసు దాటి, తన బరువుతో పలక అవతలి కొసను కిందికి దించి, అది నేలను తాకాక, చివర పసుపు రంగు వేసిన భాగంలో కనీసం ఒక పాదం ఉంచి దిగాలి. పలక నేలను తాకకముందే గెంతితే తప్పు. పలక నేలను తాకినప్పుడు శబ్దం వస్తుంది. రబ్బరు పూత ఉన్నా, హాలు కప్పు కింద ఆ "ధన్" అన్న చప్పుడు నాకు కూడా గుండెలో తగులుతుంది. తేనెకైతే అది అల్వాల్ దీపావళే.

ఆరు నెలలుగా ఆ చప్పుడును తిండిగా మార్చే పని చేస్తున్నాం. మొదట పలక రెండు కొసల కింద రెండు బల్లలు పెట్టి, అది అంగుళం మాత్రమే కదిలేలా చేశాం. తేనె బల్ల మీద నిలబడి ముందు పాదంతో పలకను నొక్కితే "టక్" మంటుంది. అలా చప్పుడయిన ప్రతిసారీ ఒక కోడిముక్క. ఇక్కడ ముఖ్యమైన విషయం, చప్పుడు చేసేది కుక్కే కావాలి. మనం పలకను కొట్టి తర్వాత ముక్క పెడితే అది భయపెట్టి లంచం ఇచ్చినట్టు ఉంటుంది. తానే నొక్కి, తానే చప్పుడు చేయించి, తానే బహుమానం సంపాదించుకుంటే ఆ చప్పుడు దాని సొంతమవుతుంది. వారానికి అంగుళం, ఒక్కో వారం అరంగుళం చొప్పున బల్లలు దించుకుంటూ వచ్చాం. సెప్టెంబరు నాటికి మా మైదానంలో తేనె పూర్తి ఎత్తు పలకను అయిదుసార్లలో నాలుగుసార్లు చేయగలుగుతోంది. అయితే మా పలక మా పలకే. కొత్త చోట కొత్త పలక వేరే బరువుతో పడుతుంది, వేరే చప్పుడు చేస్తుంది. పైకి లేచిన కొస నుంచి 12 అంగుళాల దూరంలో 3 పౌండ్ల బరువు పెడితే 3 సెకన్లలోపు నేలను తాకాలని నియమం ఉంది గానీ, ఆ మూడు సెకన్లలో ఎన్నో తేడాలకు చోటుంది.

పొద్దున్నే బయలుదేరి 44వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద ఓజార్క్ కొండల్లోంచి వచ్చాం. ఆకులు పసుపు, ఎరుపు తిరిగి ఉన్నాయి. చాలా చోట్ల పక్కనే పాత 66వ రహదారి కనిపిస్తూ మాయమవుతూ వచ్చింది. రోలా దగ్గర ఆగి, మూడు గంటల లోపే గ్రే సమ్మిట్ చేరాం.

హాలులో అడుగుపెట్టగానే అమ్మాయి నిశ్శబ్దమైపోయింది. రెండు బరులు, వాటి చుట్టూ తెల్లటి అడ్డుతడికలు, గోడల వెంట వందల క్రేట్లు, మడత కుర్చీలు, చిన్న ఫ్యాన్లు. బార్డర్ కోలీలు, పాపియాన్లు, ఒక పెద్ద బెర్నీస్ మౌంటెన్ డాగ్. మూల చూసి చోటు పట్టుకున్నాం; శబ్దానికి బెదిరే కుక్కకు వెనక గోడ ఉండడం మంచిది. క్రేటు మీద మూడు వైపులా దుప్పటి కప్పించాను. తేనెను కొలవడానికి పిలిచారు. బల్ల మీద నిలబెట్టి, భుజాల మధ్య ఎత్తైన చోట కొలకర్ర ఆనించి 19 అంగుళాల పైచిలుకు అని రాసుకున్నారు. 18 దాటి 22 లోపు ఎత్తుండే కుక్కలు 20 అంగుళాల కమ్మీ దూకాలి. బంటి 14 లోపు వాడు కాబట్టి వాడిది 12.

కొలిచిన పెద్దావిడ తేనె చెవులు నిమిరి, ఇది ఏ జాతి అని అడిగింది. "ఇండియన్" అంది అమ్మాయి, తల ఎత్తి.

మూడో రోజు, శనివారం: మొదటి పోటీ

పోటీ రోజు పొద్దున్న ముందుగా చేతికొచ్చేది కాగితం మీద గీసిన కోర్సు పటం. ఆ తర్వాత కుక్క లేకుండా బరిలోకి వెళ్లి నడిచి చూసుకోవడానికి కొన్ని నిమిషాలిస్తారు. కొత్తవాళ్లు ఆ నిమిషాలను నంబర్లు బట్టీ పట్టడానికి వాడతారు. నేను అమ్మాయికి చెప్పింది వేరు: ముందు ఒకసారి నీ దారి కాదు, కుక్క దారి నడువు, మోకాళ్ల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తు నుంచి చూడు. నిలబడితే మనకు నాలుగో నంబరు జంపు స్పష్టంగా కనిపిస్తుంది. కూర్చుని చూస్తే మూడో జంపు దిగిన చోటు నుంచి కుక్క ముఖానికి ఎదురుగా కనిపించేది నాలుగు కాదు, తొమ్మిదో నంబరు టన్నెలు. అక్కడ భుజం ఎటు తిప్పాలో అప్పుడు తెలుస్తుంది. జనం మధ్య మోకరించడానికి మొదట సిగ్గుపడింది, కానీ చేసింది. లేచి, "ఆంటీ, టన్నెలు నోరు పిలుస్తున్నట్టు ఉంది" అంది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

మాస్టర్ స్థాయి స్టాండర్డ్ పోటీ పొద్దున్నే కావడంతో ముందు నేను, బంటి వెళ్లాం. ఈ తరగతిలో టీటర్, ఇంటి కప్పులా రెండు వైపులా వాలిన ఎ-ఫ్రేమ్, సన్నటి వంతెనలాంటి డాగ్‌వాక్, అయిదు సెకన్లు ఆగాల్సిన బల్ల అన్నీ ఉంటాయి. జంపర్స్ తరగతిలో ఎక్కే పలకలూ బల్లా ఉండవు, జంపులూ టన్నెళ్లూ వీవ్ పోల్స్ అనే మెలికల కర్రలూ మాత్రమే. తప్పు లేకుండా నెగ్గిన పరుగును క్యూ అంటారు, ఒకే రోజు రెండింటిలోనూ వస్తే అది డబుల్ క్యూ. అలాంటివి 20, వాటితోపాటు 750 పాయింట్లు కూడితే ఛాంపియన్ బిరుదు. బంటికి అప్పటికి 16 డబుల్ క్యూలు ఉన్నాయి.

వీవ్ పోల్స్ దగ్గర జరిగింది దగ్గరగా చూపించాలనిపిస్తోంది. 12 కర్రలు, ఒకదానికొకటి 24 అంగుళాల దూరంలో. కుక్క మొదటి కర్ర తన ఎడమ భుజానికి తగిలేలా లోపలికి వెళ్లాలి, ఒక్క సందు తప్పినా లెక్కకు రాదు. ఆ కోర్సులో కుక్క టన్నెల్లోంచి పూర్తి వేగంతో బయటపడి, పక్కవాటుగా కర్రల్లోకి మలుపు తీసుకోవాలి. బంటి బయటికి వచ్చాడు, రెండు అంగలు వేశాడు, మూడో అంగ కావాలని చిన్నది వేశాడు. ఆ చిన్న అంగలో వెనక కాళ్లు పొట్ట కిందికి వచ్చాయి, మెడ వంగింది, ఎడమ భుజం కర్రకు ఒరుసుకుంటూ లోపలికి జారింది. నేను కేక వేయలేదు, చేయి చూపలేదు, కర్రల వరుసకు సమాంతరంగా పరుగెత్తానంతే. రెండు రెండు కర్రలతో మొదలుపెట్టి ఏడాది నేర్పిన పాఠం ఆ ఒక్క అంగలో ఉంది. 62 సెకన్ల కోర్సును 47 సెకన్లలో ముగించాడు. మధ్యాహ్నం జంపర్స్ కూడా శుభ్రంగా పూర్తయింది. పదిహేడోది వచ్చింది.

మధ్యలో అమ్మాయికి పని అప్పగించారు. ఈ పోటీలు స్వచ్ఛంద సేవ మీదే నడుస్తాయి. పడిన కమ్మీ మళ్లీ పెట్టేవాళ్లు, పట్టీలు అందించేవాళ్లు, జడ్జి సంకేతాలు చూసి రాసేవాళ్లు అందరూ పోటీదారులే. 16 అంగుళాల తరగతికి కమ్మీలు పెట్టే కుర్చీలో ఆమె కూర్చుంది. గంటసేపు బరి లోపల నుంచి, కుక్క వైపు నుంచి, యాభైమందిని చూసింది. ఏ తరగతిలోనూ నేను ఇవ్వలేని పాఠం అది. తిరిగొచ్చి, కమ్మీ పడిన ప్రతిసారీ మనిషి ఆ క్షణంలోనే అరిచారని చెప్పింది. నిజమే, కుక్క గాలిలో ఉండగా పేరు పెట్టి పిలిస్తే అది తల తిప్పుతుంది, వెనక కాళ్లు దిగుతాయి.

కొత్త కుక్కల మొదటి మెట్టయిన నావిస్ స్థాయి స్టాండర్డ్ అందరికంటే చివర. తేనె, అమ్మాయి బరిలోకి వెళ్లేముందు ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం: టీటర్ ఎక్కకపోతే ఒక్కసారే అడగాలి, రెండోసారి అడగకూడదు, పక్కనున్న టన్నెలుకు "రైలు" అని పంపి, పొగిడి, బయటికి వచ్చేయాలి. క్యూ పోతుంది, పోనీ. "ఆగు" అంటే తేనె ప్రారంభ గీత దగ్గర చెవులు నిక్కించి కూర్చుంది. మొదటి అయిదు అడ్డంకులు అద్భుతం. ఎ-ఫ్రేమ్ మీద నుంచి దిగి, ముందు పాదాలు నేల మీద, వెనక పాదాలు పసుపు భాగం మీద పెట్టి నేర్పినట్టే ఆగింది. టీటర్ ఎదురైంది. రెండు ముందు పాదాలు పెట్టింది. సరిగ్గా అప్పుడే పక్క బరిలో సర్దుతున్న ఒక జంపు రెక్క, అంటే కమ్మీని పట్టి ఉంచే పక్క చట్రం, నేలకు పడి చప్పుడైంది. తేనె గడ్డకట్టుకుపోయింది. తోక పొట్ట కిందికి పోయింది. "ఎక్కు" అంది అమ్మాయి. ఇంకోసారి "ఎక్కు" అంది, గొంతు పైకి పోయింది. తడిక బయట నిలబడి నేను నోరు మెదపలేను. బయటి నుంచి సలహా ఇవ్వడం నిషిద్ధం. మూడోసారి నోరు తెరిచి, మూసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి, భుజాలు తిప్పి, మామూలు గొంతుతో "రైలు" అంది. తేనె పలక వదిలి టన్నెల్లోకి పోయింది. బయటికొచ్చేసరికి దాని తోక పైకి వచ్చింది. జడ్జి గారికి దండం పెట్టి ఇద్దరూ బరి దాటారు.

కన్నీళ్లు కుర్చీలో కూర్చున్నాక వచ్చాయి. "రెండోసారి అడిగేశాను ఆంటీ" అంది. తప్పు తనంతట తాను చెప్పినవాళ్లకు నేను మళ్లీ చెప్పను. వాళ్లమ్మ మౌనంగా పెరుగన్నం కలిపి చేతికిచ్చింది. సాయంత్రం జంపర్స్‌లో ఒక కమ్మీ పడింది, దానితో అదీ పోయింది.

నాలుగో రోజు, ఆదివారం: రెండో పోటీ

ఈ రోజు నా తప్పుతో మొదలుపెట్టాలి. బంటి స్టాండర్డ్ మళ్లీ శుభ్రంగా వచ్చింది. జంపర్స్‌లో తొమ్మిదో జంపు తర్వాత రెండు టన్నెళ్ల నోళ్లు పక్కపక్కన ఉన్నాయి. కుక్కకు వీపు చూపిస్తూ దాని ముందు నుంచి అవతలి పక్కకు మారడాన్ని బ్లైండ్ క్రాస్ అంటారు. అది తొమ్మిదో జంపుకు ముందే పూర్తి చేయాలని నడిచి చూసుకున్నప్పుడు అనుకున్నాను. పరుగులో అర సెకను ఆలస్యమైంది. బంటి తప్పు టన్నెల్లోకి వెళ్లాడు. జడ్జి చేయి లేచింది, డబుల్ క్యూ పోయింది.

వాళ్లమ్మ తీసిన వీడియోను అమ్మాయికి నేనే ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించాను. కుక్క దూకిన తర్వాత మలుపు నిర్ణయించుకోదు. నేలను వదిలేముందే, చివరి ఒకటి రెండు అంగల్లోనే, ఎటు దిగాలో నిర్ణయించుకుంటుంది. బంటి వెనక కాళ్లు నేలను వదులుతున్న ఫ్రేములో నా కాలి బొటనవేళ్లు స్పష్టంగా తప్పు టన్నెలు వైపు ఉన్నాయి. నా చేయి సరైన టన్నెలు చూపిస్తోంది, నోరు వాడి పేరు పిలుస్తోంది. చేయి చెప్పిందొకటి, పాదాలు చెప్పిందొకటి. వాడు పాదాలనే నమ్మాడు, నేను నేర్పిందీ అదే. ఈ విషయం శిష్యులకు నోటితో వందసార్లు చెప్పి ఉంటాను. నా సొంత పాదాల మీద చూపించడం ఇదే మొదటిసారి. అమ్మాయి వీడియో మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, "బంటి ఏ తప్పూ చేయలేదు" అంది.

బంటికి బయట మిగతా రోజుల్లాగే మొత్తం డబ్బా కోడిముక్కలు పెట్టాను. క్యూ వచ్చిందా రాలేదా అన్నది వాడికి తెలియకూడదు.

తేనె జంపర్స్ పదకొండింటికి. ఆరు వీవ్ పోల్స్, రెండు టన్నెళ్లు, మిగతావి జంపులు. అమ్మాయి ఈసారి ఒక్కసారి కూడా అరవలేదు. చివరి వరుసలో మూడు జంపులు నేరుగా ఉంటే, తాను ముందుకు పరుగెత్తి చోటు ఇవ్వడం తప్ప ఏమీ చేయలేదు. ఒక్క తప్పూ లేదు, సమయం మిగిలింది. ఆకుపచ్చ రిబ్బను చేతికి వచ్చింది. నావిస్ బిరుదుకు ఇలాంటివి మూడు, కనీసం ఇద్దరు వేరువేరు జడ్జిల దగ్గర సాధించాలి, ఇది మొదటిది. వాళ్లమ్మ అక్కడి నుంచే అల్వాల్‌కు వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అమ్మమ్మగారు రిబ్బను చూసి, "మన వీధిలోదే కదమ్మా అది?" అని రెండుసార్లు అడిగారు.

అయితే ఈ ప్రయాణంలో నేను దాచుకునేది ఆ రిబ్బను కాదు, మూడింటికి జరిగిన స్టాండర్డ్ పరుగు. టీటర్ పదో నంబరు. అమ్మాయి దాని పక్కకు చేరి, ఆగకుండా, అదే వేగంతో నడుస్తూ ఒక్కసారి "ఎక్కు" అంది. తేనె ఎక్కింది. ఇరుసు దగ్గర మామూలుగా ఒళ్లంతా దగ్గరికి తీసుకుంటుంది; ఈసారి ముందు పాదాలు మరీ ముందుకు చాచి, పొట్ట పలకకు ఆనించి, గోళ్లు నొక్కి నిలబడింది. పలక కదిలింది. అది కిందికి వెళుతుంటే చెవులు వెనక్కి పోయాయి, కళ్లు మాత్రం అమ్మాయి మీదే ఉన్నాయి. నేలకు నాలుగైదు అంగుళాల దూరంలో ఉండగా గెంతేసింది. తర్వాత పలక తనంతట తాను "ధన్" మని పడింది. నియమం ప్రకారం అది తప్పు, క్యూ లేదు. కానీ తేనె పారిపోలేదు. వెనక్కి తిరిగి ఆ పలకను ఒక క్షణం చూసి, అమ్మాయి వైపు వచ్చింది. అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, చప్పట్లు కొట్టకుండా, నెమ్మదిగా, "బంగారుకొండ, నా బంగారుకొండ" అని రెండుసార్లు అని లేచి, మిగిలిన కోర్సు పూర్తి చేసింది.

పట్టీ అందించిన పెద్దావిడే శుక్రవారం తేనెను కొలిచిన మనిషి. "మీ ఇండియన్ చాలా ధైర్యవంతురాలు" అంది.

అయిదో రోజు, సోమవారం: తిరుగు ప్రయాణం

దారి అదే, కానీ ఎండ ఎదురుగా. మెకాలిస్టర్ దాటేదాకా కుక్కలు రెండూ నిద్రే. అమ్మాయి పక్క సీట్లో కోర్సు పటం మీద తాను ఏ చోట ఏమన్నదో, అన్నప్పుడు తేనె ఎక్కడ ఉందో పెన్సిలుతో గుర్తులు పెడుతూ వచ్చింది. యూఫాలా సరస్సు దగ్గర మిగిలిన పులిహోర తిన్నాం. వాళ్లమ్మ, "వచ్చే గురువారం దీపావళి అక్కా, మా వీధిలో అందరూ టపాసులు కాలుస్తారు, ఆ రాత్రికి ఏం చేయమంటావు?" అంది. లోపలి గదిలో కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టి, ఫ్యాను పెద్దగా పెట్టి, ఎవరో ఒకరు దాని దగ్గరే కూర్చోండని చెప్పాను. ఆ రోజూ, ఆ మర్నాడూ పలక జోలికి పోవద్దన్నాను. భయం నుంచి తేరుకోవడానికి కుక్కకు ఒక్క రాత్రి చాలదు.

రాత్రి ఎనిమిదిన్నరకు వాళ్ల ఇంటి ముందు ఆగి తేనె క్రేటు తలుపు తీశాను. అది దిగి, ఒళ్లు విరుచుకుని, గేటు వైపు నడిచింది. అమ్మాయి రిబ్బనును వ్యాన్ లోనే మరిచిపోయి పటం కాగితాన్ని మాత్రం చేతిలో పట్టుకుని దిగింది.

"రేపు క్లాసు ఉందా ఆంటీ?"

"ఉంది. బల్లలు మళ్లీ పెడదాం. ఎనిమిది అంగుళాల దగ్గర మొదలుపెడదాం."

"ఆరు దగ్గర పెడదాం ఆంటీ," అంది.